మూడో స్పూలు

1994 జూన్ 2, గురువారం

సర్దార్ ఉత్తరం రాశాడు. పదకొండేళ్ళ తర్వాత. "లియాఖత్ అలీ, రేడియో టీవీ రిపేరు, గడియారం సెంటర్, నల్లగొండ" అని మాత్రమే కవరు మీద రాశాడు, అయినా వచ్చి చేరింది.

అతను ఇప్పుడు హైదరాబాదులో ఒక రికార్డింగు స్టూడియోలో పనిచేస్తున్నాడట. మా రోజుల్లో కాలేజీల్లో రాక్ వాయించిన బ్యాండ్ల కచేరీలు ఏరి ఒక క్యాసెట్ తెస్తున్నారట. మాది కూడా ఉండాలంటాడు. "నా దగ్గరున్నది కాపీకి కాపీ. దుప్పట్ల మూతి పెట్టి పాడినట్లుంది. అసలు స్పూళ్ళు నీ దగ్గరనే ఉండాలె. అప్పటి సంగతులు నీకే మంచిగ యాదుంటయి, రాసి పంపు. క్యాసెట్ అట్ట మీద వేస్తం" అని రాశాడు.

ఉన్నాయి. మూడూ ఉన్నాయి. మంచం కింద ఇనుప పెట్టెలో, పళ్ళెమంత టేపు స్పూళ్ళు.

ఎవరి ఉత్తరమని జాహేదా అడిగింది. పాత దోస్తు అన్నాను. తొమ్మిదేళ్ళ కాపురంలో నేను బ్యాండులో ఉండేవాణ్ణని ఆమెకు చెప్పనేలేదని అప్పుడు గుర్తొచ్చింది.

జూన్ 3, శుక్రవారం

సర్దార్ అడిగిన వివరాలు. ముందు ఇక్కడ చిత్తుగా రాసుకుంటాను.

1983 ఫిబ్రవరి. కాలేజి వార్షికోత్సవం. ఆరుబయట స్టేజీ. జనం రెండు వేల దాకా.

పాట, గిటారు: ఐలేశం. కట్టంగూరు దగ్గర పల్లె. గొర్రెల కాపరి గుర్వయ్య కొడుకు. డిగ్రీ ఆఖరి సంవత్సరం.
డ్రమ్స్: సర్దార్.
బేస్ గిటారు: దస్తగిరి.
శబ్దం, రికార్డింగు: లియాఖత్ అలీ.

రెండు ట్రాకుల మీద రికార్డయింది. ఎడమ ట్రాకు మిక్సర్ నుంచి వచ్చింది, అంటే జనం విన్నది. కుడి ట్రాకు డ్రమ్స్ పైన తాడుకు వేలాడదీసిన మైకుది. స్పూలు వేగం పెంచి పెట్టాను. వేగం పెరిగితే టేపు త్వరగా అయిపోతుంది, కానీ సన్నని చప్పుడు కూడా దాని మీద నిలుస్తుంది. ఊళ్ళో తిరిగిన క్యాసెట్లన్నీ ఎడమ ట్రాకు కాపీలే.

పాటలు పదకొండు. పది ఇంగ్లీషువి, చివరిది తెలుగు. సాయంత్రం మందను ఇంటికి మళ్ళించే పిలుపు మీద కట్టినది. ఐలేశం తండ్రి పిలిచే పిలుపే. స్వరం ఐలేశానిది, గిటారు వరస నాది. ఇద్దరం హాస్టల్ మిద్దె మీద కూర్చుని కట్టాం.

చివరి పాట సగంలో ఆగింది. కారణం: మైకు వైరు లూజు.

(ఆ వాక్యం ఉత్తరంలో రాయాలా? అక్కర్లేదేమో.)

జూన్ 9, గురువారం

బస్సులో పార్సిల్ పంపాడు సర్దార్. స్పూలు మిషను కోసం రబ్బరు బెల్టు, దాంతోపాటు స్టూడియోలో వాడే బరువైన హెడ్‌ఫోన్స్. పంపే ముందు ఒకసారి విని, టేపు తెగిన చోట అతుకులు వెయ్యమన్నాడు.

మిషను నాదే. హైదరాబాదులో నేను పనిచేసిన మైకుసెట్ల దుకాణం మూసేసినప్పుడు తెచ్చుకున్నాను. పాత బెల్టు కరిగి జిగురైపోయింది. గీకి తీయడానికి సాయంత్రమంతా పట్టింది. టేపు రాసుకుంటూ పోయే హెడ్‌ను స్పిరిటుతో తుడిచాను. తిరుగుతోంది.

జూన్ 17, శుక్రవారం

నమాజు తర్వాత దుకాణం సగం షట్టరు దించి మొదటి స్పూలు విన్నాను.

ఎన్నేళ్ళయింది ఇలా వినక! మైదానం మొత్తం తలలోకి వచ్చేసింది. సర్దార్ పుల్లలు నాలుగుసార్లు కొట్టి లెక్క ఇవ్వడం, ఐలేశం వేళ్ళు తీగల మీద జారేటప్పుడు వచ్చే కీచు, ముందు వరసలో ఎవడో తుమ్మడం, దానికి పక్కవాడు నవ్వడం, అన్నీ విడివిడిగా వినిపించాయి. రెండో పాటలో గోడ అవతల రైలు కూత వేసింది. కాపీల్లో అది ఎప్పుడూ వినలేదు. ఐలేశం కూడా విన్నాడు కాబోలు, ఆ కూత స్థాయికి తన గొంతు తీసుకెళ్ళి అందుకున్నాడు. జనం వెర్రెత్తిపోయారు.

ఆ గొంతు! లోపల గరుకు, పైన నునుపు. పక్కనున్నవాడు తప్పుకొని దారి ఇవ్వాల్సిన గొంతు.

నేను తప్పుకొన్నాను కదా. బ్యాండు పెట్టింది నేను. ఐలేశానికి గిటారు పట్టుకోవడం నేర్పింది నేను. ఆ యేడు జనవరిలో సర్దార్, దస్తగిరి కలిసి వచ్చి "నువ్వు మిక్సర్ మీద కూసో లియాఖత్, శబ్దం నీ అంత ఎవ్వలకు తెల్వదు" అన్నారు. నిజమే కూడా. నాకు బాధేమీ కలగలేదు.

జూన్ 18, శనివారం

రెండో స్పూలు విన్నాను. బాగుంది.

జూన్ 20, సోమవారం

పీర్ల పండుగ పని. అద్దెకిచ్చిన ఆంప్లిఫయర్లు రెండు కాలి వచ్చాయి. మూడో స్పూలు వినడానికి తీరిక లేదు.

జూన్ 24, శుక్రవారం

తీరిక దొరికింది. వినలేదు. అందులో ఏముందో నాకు తెలుసు.

మొదటి రెండూ గుడ్డలో చుట్టి హైదరాబాదు బస్సులో వేశాను. మూడోది చెమ్మకు చెడిపోయిందని సర్దార్‌కు రాశాను. వాటిలో ఉన్న పాటలు చాలు వాళ్ళకు. సగంలో ఆగిపోయిన పాట క్యాసెట్లో ఎవరు వేస్తారు? ఐలేశం పరువు గురించే ఇదంతా. అతన్ని మళ్ళీ నలుగురి ముందు నిలబెట్టడం దేనికి?

జూలై 8, శుక్రవారం

ఐలేశం వచ్చాడు.

షట్టరు కింద ముందు చెప్పులు కనిపించాయి, తర్వాత తెల్లపంచె, భుజం మీద గొంగడి. గిరాకీ అనుకున్నాను. వంగి లోపలికి వచ్చాక కూడా ఒక్క నిమిషం పోల్చుకోలేకపోయాను. మనిషి నల్లబడ్డాడు, చెంపల దగ్గర నెరిసింది. నాకంటే రెండేళ్ళు చిన్నవాడు.

"ఏంరా లియాఖత్, గుర్తువట్టలేవా?"

లేచి కౌగిలించుకున్నాను. గొర్రెల వాసన, చుట్ట వాసన. చాయ్ తెప్పించాను. ముప్ఫై గొర్రెలున్నాయట, రెండెకరాలు ఉందట. ఇద్దరు ఆడపిల్లలట. నాయిన గుర్వయ్య పోయి ఆరేళ్ళయిందట. అన్నీ నెమ్మదిగా, ఒక్కో మాట వెతుక్కున్నట్లు చెప్పాడు. గొంతు చాలా తగ్గించి మాట్లాడుతున్నాడు. పక్కన ఫ్యాన్ తిరుగుతుంటే రెండుసార్లు "ఏమన్నవ్?" అని అడగాల్సి వచ్చింది.

"సర్దార్ నాకు కూడ జాబు రాసిండు" అన్నాడు. "మూడోది చెడిపోయిందన్నవంట గద."

"అవును. చెమ్మ."

"మొత్తం చెడిపోయిందా?"

"వింటే గరగర."

చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నాకు క్యాసెట్లల్ల పేరు గీరు ఏం వద్దురా. గా ఆఖరి పాట ఒక్కసారి వినాలె. గొంతు యాడ తెగిందో నాకు తెల్వాలె. పదకొండేండ్ల సంది గదే సోంచాయిస్తున్న. నేను మంచిగనే పాడుతున్న అనుకున్న గద స్టేజి మీద. నాకు తెల్వకుంటనే గొంతు పోతదా మనిషికి? గరగర అయినా సరే, చెడిపోయినంత దాంక వింట."

రెండు వారాలు టైమివ్వు, బాగు చెయ్యగలనేమో చూస్తానన్నాను.

"నువ్వు చేస్తవ్" అన్నాడు. "శబ్దం సంగతి నీకే తెలుసు."

వెళ్ళాడు. ఆ మూడో స్పూలు అతని వెనక అలమారాలోనే ఉంది.

జూలై 9, శనివారం

ఇది నేను తప్ప ఎవరూ చదవరు. అయినా చెయ్యి సాగడం లేదు.

మధ్యాహ్నం కరెంటు వచ్చాక మూడో స్పూలు ఎక్కించాను. విన్నది విన్నట్లు రాస్తాను.

పదో పాట అయింది. చప్పట్లు. ఎడమ చెవిలో ఐలేశం మైకులో పేర్లు చెప్తున్నాడు. "డ్రమ్స్ మీద సర్దార్!" చప్పట్లు. "బేస్ మీద దస్తగిరి!" చప్పట్లు. ఆ తర్వాత నా పేరు రావాలి. మిక్సర్ వెనక నిలబడి చెయ్యి సగం ఎత్తి ఉంచాను నేను. పక్కన కూర్చున్న అమ్మాయిలు నా వైపు చూస్తున్నారు కూడా. నా పేరు రాలేదు. గిటారు మొదలైంది. ఎత్తిన చెయ్యి దించి తల గోక్కున్నాను. అదంతా ఇప్పటికీ చర్మం మీద ఉంది.

కానీ ఇవాళ కుడి చెవిలో మరొకటి ఉంది. గిటారు మొదలయ్యే ముందు ఐలేశం మైకు వదిలి డ్రమ్స్ వైపు తిరిగాడు. పైన వేలాడే మైకు ఆ మాట పట్టుకుంది. చాలా సన్నగా ఉంది. సర్దార్‌తో అంటున్నాడు: "లియాఖత్ పేరు ఆఖర్ల. పాట అయినంక గాయనను పైకి పిలుస్త. పాట గాయనదే గద." సర్దార్ నవ్వాడు. తర్వాత పుల్లలు.

వెనక్కి తిప్పి విన్నాను. తొమ్మిదిసార్లు. "పైకి పిలుస్త" అన్నాడో "పైకి తీస్క వస్త" అన్నాడో తేలలేదు. నా పేరు మాత్రం స్పష్టంగా ఉంది.

పాట. మొదటి చరణం బాగుంది. రెండో చరణం ఎత్తుకోగానే ఎడమ చెవిలో అతని గొంతు తగ్గుతుంది. నాలుగైదు సెకన్లలో, మెల్లగా, సమంగా, కుండలో నీళ్ళు దిగిపోయినట్లు. వైరు లూజని మొన్న ఇక్కడే రాసుకున్నాను, కానీ వైరు లూజైతే అలా ఉండదు. చిటపటమంటుంది, పోతుంది, వస్తుంది. పదేళ్ళకు పైగా ఈ పనిలో ఉన్నాను. అలా తగ్గించగలిగేది మిక్సర్ నాబ్ మీద ఉన్న చెయ్యి ఒక్కటే.

నా చెయ్యి.

అంతే రాయగలుగుతున్నాను. కోపంలో తిప్పాను. కాసేపే అనుకున్నాను. ఒక్క చరణం అతను కూడా నాలాగే లేనట్లు ఉండి చూస్తే తెలుస్తుందనుకున్నాను. జనం గోల మొదలుపెట్టారు. "గొంతు లేదు, గొంతు లేదు" అని అరుస్తున్నారు. అప్పుడు కూడా నాబ్ పైకి తిప్పొచ్చు. తిప్పలేదు. భయమేసింది. పైకి తిప్పితే కిందికి తిప్పింది తెలిసిపోతుందనిపించింది.

కుడి చెవిలో అతని గొంతు ఆగలేదు. డ్రమ్స్ వెనక, దూరంగా, నిండుగా ఉంది. అన్నిటికంటే పైనున్న స్వరం కూడా అందుకున్నాడు. ఎక్కడా తెగలేదు, వణకలేదు. జనం అరిచే కొద్దీ ఇంకా గట్టిగా పాడాడు. తర్వాత ఆపేశాడు. గిటారు ఒక్కటే కుయ్యిమని మోగింది కాసేపు. సర్దార్ రెండు దెబ్బలు వేసి ఆగాడు.

టేపు మీద ఇంతవరకే ఉంది. తర్వాతది లేదు. స్టేజి వెనక మెట్ల మీద కూర్చుని ఐలేశం నన్ను అడిగాడు: "మైకు ఏమన్న పోయిందా?"

నేనన్నాను: "మైకు మంచిగనే ఉండె. నీ గొంతే పోయింది."

మార్చిలో పరీక్షలు రాయకుండానే ఊరెళ్ళిపోయాడు.

జూలై 12, మంగళవారం

బ్లేడు ఉంది. అతికే టేపు ఉంది. రెండో చరణం మొదట్లో కోసేస్తే చాలు. మొదటి చరణం తర్వాత టేపు తెగిపోయింది, మిగతాది పోయింది అంటే నమ్ముతాడు. అతనెప్పుడూ నమ్ముతాడు.

టేపును కోత పలక మీద పరిచి బ్లేడు పట్టుకుని కూర్చున్నాను. భోజనం తెచ్చిన జాహేదా చూసింది. ఏమైందని అడిగింది. చెప్పేశాను. బ్యాండు సంగతి, ఐలేశం సంగతి, నాబ్ సంగతి, మెట్ల మీద మాట.

ఆమె చాలాసేపు గిన్నె మూత తీయలేదు.

"నాకెందుకు చెప్తున్నవ్?" అంది చివరికి. "నాకు చెప్తే నీ గుండె తేలికైతది. ఆ మనిషి ఆడ తన గొంతు పోయిందనుకొని బతుకుతుండు. గాయనకు చెప్పు. బ్లేడు ఇటియ్యి."

ఇచ్చాను.

జూలై 15

వర్షం. పని చేయలేదు.

జూలై 22, శుక్రవారం

ఐలేశం పదకొండు గంటలకే వచ్చాడు. షట్టరు దించాను. మిషను ముందు స్టూలు వేశాను. ముందే చెప్పాలనుకున్నాను. పొద్దున ఇంటి నుంచి దుకాణానికి దారంతా అదే అనుకుంటూ వచ్చాను. అతను స్టూలు మీద కూర్చుని, చేతులు పంచెకు తుడుచుకుని, హెడ్‌ఫోన్స్ రెండు చేతులా తీసుకున్నాడు. అంత జాగ్రత్తగా తీసుకుంటే నాకు నోరు రాలేదు. టేపే చెప్తుందిలే అనుకున్నాను. ఇది కూడా పిరికితనమే. ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

బటన్ నొక్కాను. ఎదురుగా నిలబడి అతని ముఖం చూస్తూ ఉన్నాను. పాట మొదలయ్యాక కాలివేళ్ళు కదిలాయి. తర్వాత నొసలు ముడిపడింది. ఎడమ చెవి మీద తట్టుకున్నాడు, అది పనిచేయడం లేదనుకుని. తర్వాత అరచేత్తో కుడి చెవిని గట్టిగా అదుముకుని కళ్ళు మూసుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. శబ్దం లేదు.

టేపు ఆగాక చాలాసేపు హెడ్‌ఫోన్స్ తీయలేదు.

"ఇంకోపారి వెయ్యి" అన్నాడు.

వేశాను. మళ్ళీ విన్నాడు. ఈసారి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పోలే" అన్నాడు. "నా గొంతు పోలే లియాఖత్. కుడి దిక్కు విన్నవా? మొత్తం ఉన్నది." చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ నవ్వు చూడకుండా ఉండాల్సింది. తర్వాత నవ్వు ఆగింది. "మరి ఎడమ దిక్కు ఏమాయె? మైకు పోయిందా?"

"లేదు. నేనే తగ్గించిన."

అర్థం కానట్లు చూశాడు.

"నాబ్ తిప్పి తగ్గించిన. కావాలనే."

"ఎందుకు?"

"అందరి పేర్లు చెప్పినవ్. నా పేరు చెప్పలే."

"పేరా?" అన్నాడు. ఆ ఒక్క మాటే రెండుసార్లు అన్నాడు. అప్పుడు కుడి చెవిలో ఉన్న ఆ మాట సంగతి చెప్పాను. పాట అయ్యాక నన్ను పైకి పిలుస్తానని సర్దార్‌తో అన్నావని, అది కూడా టేపు మీద ఉందని. అతను తల అడ్డంగా ఊపాడు.

"గది నాకు యాదికి లేదు. అన్ననేమొ. పాటే యాదికున్నది నాకు, పాట నడుమ జనం గోల యాదికున్నది." ఒళ్ళోని హెడ్‌ఫోన్స్ బల్ల మీద పెట్టి, "తిప్పినవ్, సరే. కోపమొచ్చింది, పిలగాళ్ళం, తిప్పినవ్ అనుకుందం. మెట్ల కాడ నిన్ను అడిగిన. అప్పుడెందుకు గట్ల చెప్పినవ్?"

నాబ్ తిప్పడానికి ఒక్క క్షణమే పట్టింది. ఆ మాట చెప్పేటప్పటికి ఆలోచించుకునేంత సమయం నాకుంది. మెట్లు దిగి అతని పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యి వేసి మరీ చెప్పాను.

"నిన్నే అడిగిన గదరా" అన్నాడు. గొంతు పెంచలేదు. "సర్దార్ అక్కడనే ఉండె, అడగలే. దస్తగిరి ఉండె, అడగలే. శబ్దం నీకు తెలుసని నిన్నే అడిగిన."

మాఫ్ చెయ్యి అన్నాను. ఆ మాట వినిపించనట్లు లేచి, మిషను మీంచి స్పూలు తనే తీశాడు. ఎలా తీయాలో మర్చిపోలేదు. అట్టపెట్టెలో పెట్టి గొంగడిలో చుట్టుకున్నాడు.

"సర్దార్‌కు నేనే ఇస్త."

చాయ్ తాగలేదు.

జూలై 23

ఏమీ లేదు.

జూలై 30, శనివారం

దుకాణంలో ఏ పాట పెట్టినా కుడి స్పీకరు దగ్గరికి వెళ్ళి నిలబడుతున్నాను. గిరాకీలు విచిత్రంగా చూస్తున్నారు.

ఐలేశం ఆ మాట అన్నాడా అని సర్దార్‌నే అడిగి రూఢి చేసుకోవచ్చు. అడగను. ఐలేశం నిజంగా నన్ను పిలుద్దామనుకున్నాడని తేలితే ఒక బాధ, అనుకోలేదని తేలితే తప్పు కాస్త తగ్గిందనిపించే ఆశ. ఆ ఆశే ఎక్కువ భయపెడుతోంది.

ఆగస్టు 12, శుక్రవారం

మధ్యాహ్నం ఒకామె వచ్చి బల్ల ముందు నిలబడింది. చేతిలో మందుల సంచి. రేడియో ఏమైనా తెచ్చారా అని అడిగాను.

"నేను సైదమ్మను. ఐలేశం ఇంటామెను."

కుర్చీ చూపించాను. కూర్చోలేదు. అక్కను దవాఖానలో చూపించడానికి వచ్చిందట, అక్క బస్టాండులో ఉందట.

"అన్నా, నీతోని కొట్లాడుదామని వచ్చిన" అంది. "పెండ్లయి పదేండ్లు. మా ఆయన పాట పాడెటోడని నాకు ఏడేండ్లకు తెలిసింది. గది కూడ మా అత్త చెప్పంగ. ఇద్దరు బిడ్డలు పుడితె జోల నేనే పాడిన. ఊర్ల అందరు గొర్లను నోటితోని పిలుస్తరు, ఆయన ఈల వేస్తడు. మనిషే గిట్ల అనుకున్న. మూగనోము పట్టిన మనిషనుకున్న."

బల్ల మీది స్క్రూడ్రైవరు తీసి డబ్బాలో పెట్టాను.

"ఇప్పుడన్న ఏమన్న మారిందా..." అని అడిగాను చివరికి. సిగ్గులేకుండా.

"ఇప్పుడు ఈల కూడ తక్కువైంది. కూసుంటడు. నేను ఏమైందని అడిగితె, గొంతు మంచిగనే ఉండెనంట సైదీ అంటడు. అంటడు, ఊకుంటడు. పోయిందనుకున్నన్ని దినాలు నిమ్మలంగ ఉన్నడన్నా. ఉన్నదని తెలిసినంక తండ్లాడుతుండు."

కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఏమో. కొట్లాడుదామనే వచ్చిన. మొఖం చూస్తే నోరొస్తలేదు." వెళ్ళిపోయింది. మందుల సంచి బల్ల మీద మర్చిపోయింది. బస్టాండు దాకా పరుగెత్తి ఇచ్చాను. తీసుకుంది. నా వైపు చూడలేదు.

చెప్పడం మంచిదే అనుకుంటూ వచ్చాను ఈ మూడు వారాలూ. చెప్పాను కదా, ఇక నా వంతు అయిపోయింది అనుకుంటూ వచ్చాను.

సెప్టెంబరు 2, శుక్రవారం

సర్దార్ ఫోను చేశాడు. పక్క ఎస్‌టీడీ బూతు అతను పిలిస్తే వెళ్ళాను. ఐదు నిమిషాలు తిట్టాడు. తిట్లన్నీ ఉర్దూలో. బాగున్నాయి, ఎవరో ఒకరు తిట్టాలి. తర్వాత అతనే ఏడ్చాడు. "నేను గాయన వెనకనే కూసున్న లియాఖత్. డ్రమ్స్ మోతల నాకు కూడ సమజ్ కాలే. గొంతు పోయిందని నేను కూడ నమ్మిన."

ఐలేశం స్టూడియోకు వెళ్ళాడట. స్పూలు డిజిటల్ టేపు మీదికి ఎక్కించారట. సర్దార్ ఒక ఉపాయం చెప్పాడట: కుడి ట్రాకులో ఉన్న గొంతు పైకి తెచ్చి ఎడమ దానిలో అతికేస్తే పాట పూర్తిగా ఉన్నట్లే ఉంటుంది, ఇప్పుడున్న మిషన్లతో అది సాధ్యమేనని. ఐలేశం వద్దన్నాడట. "ఉన్నది ఉన్నట్లు ఉండనియ్యి" అన్నాడట. ఇప్పుడు కొత్తగా పాడమంటే, "గది ఇరవై రెండేండ్ల పిలగాని గొంతు సర్దార్. నాది కాదు. అడిగితే గా పిలగాన్నే అడుగు" అన్నాడట.

"అట్ట మీద నా పేరు తీసెయ్" అన్నాను.

"తీసేద్దమా అని నేనే అడిగిన. ఉంచుమన్నడు. శబ్దం చేసింది గాయనే గద అన్నడు."

ఎలాంటి గొంతుతో అన్నాడని అడిగాను. మామూలుగానే అన్నాడన్నాడు సర్దార్.

అక్టోబరు 8, శనివారం

క్యాసెట్ వచ్చింది. మంచి రకం టేపు. మా పాట రెండో వైపు ఆఖర్న. దుకాణంలో పెట్టాను. టేప్‌రికార్డరు బాగు చేయించుకోవడానికి వచ్చిన గోపయ్య అనే మాస్టరు విని, "అరెరె, పాపం, గొంతు పోయినట్లుంది పాటగానికి" అన్నాడు.

"లేదు సార్. నేను తగ్గించిన" అన్నాను.

ఆయన నా వైపు ఒకసారి చూసి, తన టేప్‌రికార్డరు ఎప్పటికి అవుతుందని అడిగాడు. బుధవారం అన్నాను.

అక్టోబరు 17, సోమవారం

కట్టంగూరు వెళ్ళొచ్చాను.

బస్సు దిగి రెండు మైళ్ళు నడిచాను. ఐలేశం ఇంటి ముందు ఒక గొర్రెను మోకాళ్ళ మధ్య పట్టుకుని గిట్టలు చెక్కుతున్నాడు. చూసి, పని ఆపకుండానే, "కూసో" అన్నాడు. సైదమ్మ నీళ్ళిచ్చింది. అన్నం పెట్టింది. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. జొన్నరొట్టె, పుంటికూర. చిన్న కూతురు గుమ్మంలోంచి నన్నే చూస్తోంది. ఆ పిల్లకు ఎంతవరకు తెలుసో నాకు తెలియదు.

తిన్నాక, ఏం చేయమంటావో చెప్పు, ఏదైనా చేస్తానన్నాను. నెలకోసారి వస్తానన్నాను. పిల్లకు పాట నేర్పుతానన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. అతను చివరిదాకా విన్నాడు.

"కోపం లేదు లియాఖత్" అన్నాడు. "ఉండె. నెల దినాలు ఉండె. ఇప్పుడు లేదు. కాని నువ్వు కనవడితే నాకు గా మెట్లే కనవడతయి. నువ్వు భుజం మీద చెయ్యి వెయ్యుడు కనవడతది. నాకు ఇంట్ల పని ఉన్నది, పిల్లలున్నరు. ఇగ రాకు. జర గది ఒక్కటి చెయ్యి నా కోసం."

"జాబు రాయచ్చా?"

ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు.

"వద్దు" అన్నాడు.

సరే అన్నాను. లేచాను. అతను కూడా లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. వద్దంటే వినలేదు. "తొవ్వల కుక్కలున్నయి" అన్నాడు. రోడ్డు దాకా ముందు నడిచాడు, నేను వెనక.

నల్లగొండ బస్సు రాలేదు. లారీలు పోతున్నాయి, విజయవాడ బస్సులు ఆగకుండా పోతున్నాయి. ఎండ వాలింది. నువ్వు వెళ్ళు అని రెండుసార్లు అన్నాను. కదల్లేదు. దాదాపు గంట నిలబడ్డాం, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఎడంతో. ఇద్దరం రోడ్డు వైపే చూస్తున్నాం.

బస్సు దూరంగా కనిపించగానే రోడ్డు మధ్యకు వెళ్ళి చెయ్యెత్తి ఆపింది ఐలేశమే. కండక్టరుతో, "నల్లగొండల దించు, సీటు జూడు" అని చెప్పాడు. నేనెక్కాను. బస్సు కదిలాక వెనక అద్దంలోంచి చూశాను. అతను అప్పటికే పొలం గట్టు దిగి ఇంటివైపు నడుస్తున్నాడు.